మా ఊరికి ఎన్నికలే వానాకాలం

ఎన్నికలు మాటిమాటికీ వస్తున్నాయని విసుక్కునేవాళ్ళకు స్నానం చేసే అలవాటు లేదని నా గట్టి నమ్మకం!

మా ఊరు డోల్నా రెకా పేరులోనే ఏరుంది, రెకా అంటే ఏరే. కొళాయిలో మాత్రం చుక్క ఉండదు, ఎన్నికల రోజుల్లో తప్ప. మా బల్గేరియాలో మూడేళ్ళలో ఐదుసార్లు ఎన్నికలొచ్చాయి. ఐదుసార్లూ పార్టీలవాళ్ళు జిల్లా నీళ్ళ ఆఫీసుకు ఫోన్ కొట్టారు. ఐదుసార్లూ మేం తలంటుకున్నాం. స్థిరమైన ప్రభుత్వం కావాలట! అది వస్తే మా దుప్పట్లు ఉతికేదెవరండీ?

రాజకీయాల్లో నా మాట నమ్మొచ్చు. కమ్యూనిస్టుల కాలంలో ఈ ఊరి పార్టీ కార్యదర్శిని నేనే. అప్పట్లో ఓట్ల లెక్కింపు ఎంత సుఖం! ఫలితం ముందురోజే వచ్చేది. ఆ ప్రభుత్వం పడిపోయిన రోజు పొద్దున కమ్యూనిస్టుగా నిద్ర లేచాను, మధ్యాహ్నం భోజనానికి ప్రజాస్వామ్యవాదినయ్యాను.

ఇంత అనుభవం వృథా ఎందుకని కిందటి అక్టోబరులో ఊరి మేయరుగా నిలబడ్డాను. "ఏడాది పొడుగునా నీళ్ళు!" అన్నాను.

పక్కింటి తోతా అవ్వకు ఎనభై ఐదేళ్ళు. పళ్ళు లేని నోటితో నవ్వింది. "అబద్ధమైనా ముచ్చటగా చెప్తావురా రాంగెల్. నా ఓటు నీకే పో."

పదకొండు ఓట్ల తేడాతో గెలిచాను! అది ఆదివారం. సోమవారం కొళాయి ఆగింది.

జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి, "మేయర్ని మాట్లాడుతున్నా!" అని గొంతు పెంచాను.

"శుభాకాంక్షలండీ," అన్నాడు గుమాస్తా ఎంతో మర్యాదగా. "మరి ఎన్నికలైపోయాయి కదా?"

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ స్నెజానా పీపా నిండా క్యాబేజీలు సర్ది కూర్చుంది. చలికాలమంతా మాకు ఉప్పునీళ్ళలో ఊరేసిన ఆ క్యాబేజీ ఊరగాయే ఆధారం. ఉప్పుంది, నీళ్ళు లేవు. గుమ్మం ముందు తోతా అవ్వ, ఆమె వెనక వీధిలోని ఆడవాళ్ళంతా ఖాళీ బకెట్లతో నిలబడ్డారు. నవ్వబోయాను. ఎవరూ నవ్వలేదు. నలభై ఏళ్ళ రాజకీయ జీవితంలో మొదటిసారి సిగ్గేసింది.

"కాస్త టైమివ్వండమ్మా," అన్నాను.

"టైము మాకుంది, క్యాబేజీకి లేదు," అంది స్నెజానా. "పీపాకు సరిపడా నువ్వు పక్కూరి నుంచి మోసుకురా. ఊరి సంగతంటావా, రాజీనామా రాసిపడెయ్. మళ్ళీ ఎన్నికొస్తే నీళ్ళవే వస్తాయి."

పద్నాలుగు బకెట్లు మోశాను. తర్వాత రాజీనామా రాశాను. నడుము ఇంకా నొప్పే.

ఉప ఎన్నిక తేదీ ప్రకటించిన మర్నాడే కొళాయి బుసకొట్టి నీళ్ళు పోసింది. నేను చేసిన ప్రజాసేవ మొత్తం అదే!

వచ్చే ఆదివారం పోలింగ్. ఐదుగురు నిలబడ్డారు. ఐదుగురూ ఓడిపోవాలని ఊరు ఊరంతా చర్చిలో కొవ్వొత్తులు వెలిగిస్తోంది.