ట్రంపెట్ సోలో: హద్దులు, అనుభవదారు

సృష్టిలో ఏదీ ఎవరి పేరా లేకుండా ఉండరాదు. కొండ ప్రభుత్వానిది, గుట్ట ఆక్రమించుకున్నవాడిది, రెండు చేల మధ్య గట్టు కోర్టుది. రెవెన్యూ శాఖ పుట్టిన నాటినుంచీ లోకం ఈ ధర్మం మీదే నిలబడి ఉంది. అయితే ఒక మనిషి ట్రంపెట్‌లోకి ఊదిన గాలికి కూడా ఇదే ధర్మం వర్తిస్తుందని మొదట కనిపెట్టిన ఘనత మాత్రం ఆత్మకూరుకే దక్కింది.

కనిపెట్టినది పశ్చిమ నెల్లూరు జాజ్ పరిశోధక సంఘం. ఆఫీసు ఒక ఎరువుల అంగడి మీది మేడగదిలో. (యూరియా వచ్చిన రోజు మెట్ల మీద కూడా క్యూ ఉంటుంది. అలాంటి రోజులను సంఘం సెలవులుగా ప్రకటించింది.) అధ్యక్షులు విశ్రాంత డిప్యూటీ తహశీల్దారు పెంచలప్రసాద్. కార్యదర్శి విశ్రాంత మండల సర్వేయరు కేశవ. ఇంటినుంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే దివ్యశ్రీ సాంకేతిక విభాగం. మొత్తం సభ్యులు కూడా వీళ్ళే.

పెంచలప్రసాద్‌కు ఈ పిచ్చి ఉదయగిరిలో అంటుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన అద్దెగదిలో ఒక పాత రేడియో ఉండేది. కొండ అడ్డమొచ్చి దానికి మద్రాసు దొరికేది కాదు గానీ, ఎక్కడిదో దూరదేశపు స్టేషను దొరికేది. అందులో వచ్చే జాజ్ వింటూ అన్నం మాడ్చుకున్న రోజులున్నాయి. అప్పటికి ఆయన వట్టి శ్రోత. రిటైరయ్యాక పరిశోధకుడయ్యారు. జాజ్ అభిమానుల్లో వినేవాళ్ళు వేరు, ఎవరు ఊదారో తేల్చేవాళ్ళు వేరు. రెండో రకంవాళ్ళకు వినడానికి తీరిక ఉండదు.

తేల్చినదాన్ని ఎక్కించడానికి ఇంటర్నెట్టులో ఒక ప్రపంచ మహాపట్టిక ఉంది. ఏ రికార్డులో ఎవరు ఏ వాయిద్యం వాయించారో అందులో ఉంటుంది. ఒకసారి ఎక్కిన పేరును లోకమంతా ఎత్తి రాసుకుంటుంది. స్థానిక సంఘం ధ్రువీకరిస్తే పట్టికవారు మారుమాట్లాడరు.

ఈ సంఘానికి దొరికిన రికార్డు ఒకే ఒక్కటి. అది ఎరువుల అంగడి యజమాని, చేజర్ల దగ్గర పెద్ద భూములున్న రాజమోహన్ ఇంట్లో, అటక దులుపుతుంటే బయటపడింది. ఒకప్పుడు మద్రాసు హోటల్లో వాయించిన బృందం పాట. లేబుల్ మీద బ్యాండ్ మాస్టరు పేరు తప్ప మరొకటి లేదు. పాట మధ్యలో ఒక ట్రంపెట్ సోలో వస్తుంది. దాన్ని మొదటిసారి విన్నప్పుడు పెంచలప్రసాద్‌కు కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత మహాపట్టికలో ట్రంపెట్ గడి చూశారు. ‘తెలియదు’ అని ఉంది. సర్వీసులో ఏ గడినీ ఖాళీగా వదలని మనిషికి ఆ మాట కంట్లో నలుసైంది.

దివ్యశ్రీ పాటను వాట్సాప్‌లో పెట్టింది. అది ఆ గ్రూపూ ఈ గ్రూపూ తిరిగి ఒక చర్చి గ్రూపులోకి చేరింది. వారం తిరక్కుండానే రిటైర్డు నర్సు ఎస్తేరమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఆ బాకా ఊదినోడు మా నాయన సార్. జీవరత్నం. మా నాయన పేరు రాయండి, చాలు. ఇంకేం వద్దు నాకు."

పెంచలప్రసాద్ సంతోషంతో లేచి నిలబడ్డారు. అంతలో ముప్పై అయిదేళ్ళ సర్వీసు ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

"సంతోషమమ్మా. అప్లికేషన్ పెట్టుకో."

అప్లికేషన్ అందిన మీదట సోలోను సర్వే చేయడం జరిగింది. గొలుసుతో కుదరదని తేలాక కేశవ స్టాప్‌వాచీ పట్టాడు. హద్దులు ఈ విధంగా ఖరారయ్యాయి: తూర్పున పియానో, పడమట డ్రమ్ములు, ఉత్తరాన గాయని గొంతు, దక్షిణాన లేబుల్ కాగితం. ఒకచోట పియానో హద్దు దాటి సోలోలోకి చొరబడినట్టు కనుగొని, పియానో వాయించినతనికి నోటీసు రాశారు. (ఆయన చనిపోయి ఉంటాడు గనుక సమాధికి అంటించాలనుకున్నారు. సమాధి ఏ మండలం కిందికి వస్తుందో తేలక నోటీసు ఫైల్లోనే ఉంది.) ఆ తర్వాత, ఎవరికైనా అభ్యంతరాలుంటే తెలుపవలసిందని ప్రకటన వేశారు.

జాజ్ సోలోకు ఆత్మకూరులో అభ్యంతరం చెప్పేవాడెవడని నవ్విన దివ్యశ్రీకి అనుభవం చాలదు. ప్రపంచమంతా చదివే పట్టికలో ఒక పేరు ఎక్కబోతోందని, ఆ పేరు తమది కాదని తెలిసిన సాయంత్రమే రాజమోహన్ మేడెక్కాడు. ట్రంపెట్ తన తాత మాలకొండయ్యదని వాదన.

విచారణ మేడగదిలోనే జరిగింది. ఎస్తేరమ్మకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. రాజమోహన్ అధ్యక్షుల పక్కన కూర్చున్నాడు. (గది ఆయనదే గదా.)

"ఎస్తేరమ్మా, మీ నాయనే ఊదినాడనేదానికి ఆధారమేందమ్మా?" అన్నారు పెంచలప్రసాద్.

"వినండి సార్. పైకి పోయే ముందర ప్రతిసారీ ‘స్స్’ అని గాలి జారతాది. మా నాయనకు ముందు పన్ను సగం విరిగిపోయుండేది. మిషన్ బడి బ్యాండులో నేర్చుకునే రోజుల్లో పొట్టేలు కుమ్మిందంట. మద్రాసు నుంచి వచ్చినాక పెండ్లిమేళాల్లో ఊదినాడు. పదిమంది ఊదతా ఉన్నా మా నాయన ఏడుండాడో కండ్లు మూసుకుని చెప్పేదాన్ని నేను."

దివ్యశ్రీ పాట పెట్టింది. ట్రంపెట్ పైకి వెళ్ళబోయే ముందు, నిజంగానే, స్స్ అంది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ స్స్. ఎస్తేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ గీతలు పడ్డ శబ్దమనుకున్నది ఒక మనిషి ఊపిరి అని పెంచలప్రసాద్‌కు తెలిసిపోయింది. ఇంక సందేహమనేది లేదు.

"పన్ను విరిగినట్టే ఉండాది సార్," అన్నాడు కేశవ. "అయితే విరిగిన పన్నుకు సర్వే నంబరు లేదు."

"పన్నే ఆధారమైతే మా తాతకూ పండ్లు లేవు. పోయేనాటికి నోట్లో ఒక్కటి లేదు సార్," అన్నాడు రాజమోహన్. (పోయేనాటికి మాలకొండయ్యకు తొంభై దాటింది.)

దివ్యశ్రీ ఉండబట్టలేక అడిగింది. "అంకుల్, మీ తాత ట్రంపెట్ పట్టుకోంగా ఎవురన్నా చూసినారా?"

"పట్టుకునే అవసరమేముండాది పాపా? మా తాత ఏనాడన్నా నాగలి పట్టినాడా? చేలన్నీ ఆయన పేరుమీదనే గదా ఉండాయి!"

ఈ వాదన రెవెన్యూ పరంగా ఎంత బలమైనదో పెంచలప్రసాద్‌కు తెలుసు. ఎలాగైనా ఎస్తేరమ్మను ఒడ్డున పడేద్దామని, "రికార్డు వాళ్ళింట్లో ఎందుకుండాదో చెప్పమ్మా," అన్నారు.

"మా నాయన తెచ్చిందే సార్ అది. మా ఇంట్లో పాటల మిషను ఏడుండేది? ఒక్కసారి పెట్టమని వీళ్ళ పెద్దింటికి తీసకపోయినాడంట. వాళ్ళు లోపల పెట్టుకున్నారు, మా నాయన వాకిట్లో నిలబడి కిటికీలో నుంచి విన్నాడు. అయినాక రికార్డు అడిగితే, ‘మిషను లేకుండా ఏం చేసుకుంటావురా, ఈడనే ఉండనీ’ అన్నారంట. మళ్ళా అడగలా."

రాజమోహన్ సంతోషంగా తొడ చరిచాడు.

"చూసినారా సార్? స్వాధీనం, అనుభవం మాదేనని ఆమే ఒప్పుకునింది!"

ఆ రాత్రి పెంచలప్రసాద్‌కు అన్నం సహించలేదు. సిగ్గేసింది. ఎవరు ఊదారో ఆయన చెవికి తెలుసు, మనసుకు తెలుసు. కానీ ఉత్తర్వు రాసేది చెయ్యి. ఆ చెయ్యి సర్వీసంతా ఎవరు దున్నారని కాక ఎవరి అనుభవంలో ఉందనే రాసింది. పైగా గది ఖాళీ చేయవలసి వస్తే సంఘం ఎక్కడికి పోతుంది? సంఘమే లేకపోతే జాజ్‌కు న్యాయం చేసేదెవరు? ఇలా జాజ్ మేలు కోరి, సోలో దీర్ఘకాలంగా మాలకొండయ్య కుటుంబపు నిరాటంక అనుభవంలో ఉన్నందున ఆయన పేరనే నమోదు చేయవలసిందని ఉత్తర్వు వెలువడింది. మహాపట్టిక గడిలో ‘తెలియదు’ పోయి ‘మాలకొండయ్య’ వచ్చింది. విదేశీ అభిమాని ఒకాయన అప్పుడే ఆయన శైలి మీద పెద్ద వ్యాసం రాశాడు. మాలకొండయ్య బాల్యం గురించి తనకు తెలిసినదంతా అందులో పెట్టాడు.

రాజమోహన్‌కు ఇంకా ఒక వెలితి మిగిలింది. తాత సోలోలో పరాయివాడి స్స్ ఏమిటి? అది ఆక్రమణ, తొలగించాలని అర్జీ పెట్టాడు. అర్జీ సక్రమంగానే ఉంది. మొదట చెయ్యనంటే చెయ్యనంది దివ్యశ్రీ. నువ్వు చెయ్యకపోతే నెల్లూరులో ఏ స్టూడియోవాడో చేసి, తీసిందాన్ని పారేస్తాడని పెంచలప్రసాద్ చెప్పాక కంప్యూటర్ ముందు కూర్చుంది. కలుపు తీసినట్టు ఒక్కొక్క ఊపిరీ తీసి పక్కన పెట్టింది.

"తీసినవి ఏం చెయ్యమంటారు సార్?" అంది ఆయన మొహం చూడకుండా.

పెంచలప్రసాద్ బాగా ఆలోచించారు. ఎవరి పేరా లేనిది, ఎవరికీ అక్కరలేనిది ప్రభుత్వ భూమి. ప్రభుత్వ భూమిని నిరుపేదలకు డీకేటీ పట్టా కింద ఇవ్వవచ్చు. తన జీవితంలో ఇంత న్యాయమైన ఆలోచన వచ్చినట్టు ఆయనకు గుర్తులేదు. మనసు తేలికపడి ఆ పూట అన్నం తిన్నారు.

పట్టా ప్రదానోత్సవం అంగడి ముందర షామియానా కింద జరిగింది. రాజమోహన్ స్వహస్తాలతో ఎస్తేరమ్మకు ఒక కాగితం, ఒక పెన్‌డ్రైవూ అందజేసి ఫోటో దిగాడు. పెన్‌డ్రైవులో జీవరత్నం ఊపిరి ఉంది, పాట లేదు. కాగితంలో షరతులున్నాయి. పట్టాదారు తన తండ్రి ఊపిరిని వారసత్వంగా అనుభవించవచ్చును. అమ్మరాదు, ఇతరులకు వినిపించరాదు. మూడేళ్ళలోగా వినకుండా బీడు పెట్టినచో సంఘం తిరిగి స్వాధీనం చేసుకొనును.

ఎస్తేరమ్మ కళ్ళజోడు పెట్టుకుని ప్రతి షరతూ చదివింది. కాగితం మడిచింది.

"మా నాయనకు చేజర్ల కాడ రెండెకరాలిచ్చినప్పుడు గూడా ఇట్టనే రాసిచ్చినారు సార్."

"అట్నా!" అన్నారు పెంచలప్రసాద్ ఉత్సాహంగా. "ఆ చేను ఇప్పుడెవరి అనుభవంలో ఉండాది?"

ఎస్తేరమ్మ పక్కనున్న రాజమోహన్ వైపు చూసింది. "ఈ అయ్యోళ్ళ అనుభవంలోనే ఉండాది సార్."

ఇంత దగ్గరలోనే పూర్వోదాహరణ కూడా దొరకడంతో, తమ ఉత్తర్వు అన్నివిధాలా సక్రమమేనని సంఘం తీర్మానించింది.