నలభై కుర్చీల తనిఖీ

నడవలేని వాళ్లకు చక్రాల కుర్చీలు ఉచితంగా అరువిచ్చే సేవాసంస్థ అది. ఏడాది ఆఖరి ఆడిట్ ఆరోజు పదకొండింటికి. గుమస్తా ఆరింటికే ఆఫీసు తాళం తీశాడు. స్టాకు రిజిస్టరులో కుర్చీలు నలభై. గదిలో ఉన్నవి మూడు. మిగతావి జనం ఇళ్లలో ఉన్నాయి.

కిందటేడు రెండు ఫ్యాన్లు రిపేరుకి పోతే ఆడిటరు "కనబడలేదు" అని రాశాడు. కార్యదర్శి ఆ ముక్కని ఏడాది పొడుగునా నమిలాడు. "ఈసారి ఒక్క రిమార్కు పడిందా, నువ్వు ఇంటికే" అన్నాడు. ఆ ఇంట్లో తినేవాళ్లు ఐదుగురు, తెచ్చేవాడు గుమస్తా ఒక్కడే.

అందుకని వ్యాను మాట్లాడాడు. సాయంత్రానికి తిరిగిచ్చేస్తానని ఒట్లు పెట్టి, మనుషుల్ని మంచాల మీదికి దింపి, కుర్చీలు మడిచి తెచ్చాడు. మూడు ట్రిప్పుల్లో ముప్ఫై ఆరు.

ముప్ఫై ఏడోది ఒక ముసలమ్మది. ఆవిడ దిగలేదు.

"ఒక్క పూట, పెద్దమ్మా. చూపించి తెచ్చేస్తా."

"మా ఆయనా బజారుకెళ్లొస్తానన్నాడు. పదకొండేళ్లయింది. కుర్చీ కావాలంటే నాతో సహా పట్టుకెళ్లు."

వ్యాను ఎక్కనంది. "అన్నా, నా పని తోలడం, తొయ్యడం కాదు" అని డ్రైవరు జారుకున్నాడు. గుమస్తాయే రెండు వీధులు తోసుకొచ్చాడు. దారిలో ఉన్న గుంటలన్నిటికీ ఆవిడ అతణ్నే తిట్టింది.

తీరా చూస్తే కుర్చీల నిండా దుమ్ము, జిడ్డు. అదో రిమార్కు. సబ్బు పెట్టి కడిగాడు. పదింటికి కొత్తవాటిలా మెరిశాయి.

అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు. మా నాన్నని స్నానాల గదికి నువ్వొచ్చి మోస్తావా అని ఒకావిడ. అరువు కుర్చీలో కూర్చునే గడ్డాలు గీసే సెలూనతను పని ఆపేశాడు. సగం గడ్డంతో ఒకడు గేటు దగ్గరికే వచ్చాడు.

"రెండో చెంప ఎవరు గీస్తారయ్యా?"

వాడి వెనక ఇంకో పదిమంది. గుమస్తా గేటుకి తాళమేసి, ఆడిటర్ని వెనక గుమ్మంలోంచి రప్పించాడు. కార్యదర్శి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆడిటరు వేలు పెట్టి లెక్కపెట్టాడు. "నలభై. సరిపోయాయి."

గుమస్తాకి ఊపిరి తిరిగింది.

ఆడిటరు ఒక చక్రం తడిమి చూశాడు. "దుమ్మయినా లేదు. అన్నీ ఇక్కడే పడున్నాయి. మరి వాడేదెవరు?"

"అందరూ వాడుతున్నారు సార్! పొద్దున్నే దింపి తెచ్చా."

"నడవలేని వాళ్లనా?"

"కిందటేడు ఫ్యాన్లు కనబడలేదని రాశారు కదా సార్..."

"వాటికి రిపేరు రసీదు లేదయ్యా. కుర్చీలకి అరువు పుస్తకంలో సంతకాలున్నాయి. ఇళ్లలో ఉంచితే ఆ సంతకాలు చూసి పోయేవాణ్ని. ఇప్పుడు ఇక్కడున్నవాటికి ఆ సంతకాలు దేనికి? కళ్లతో చూసిందే రాయాలి."

"నాకేం తెలీదు సార్, అంతా ఇతనే" అన్నాడు కార్యదర్శి.

మూలనున్న ముసలమ్మ వైపు తిరిగాడు ఆడిటరు. "మీరు వాడుతున్నారా, అమ్మా?"

"వాడక? దిగితే ఇతను ఇదీ కడిగేసుండేవాడు."

ఆడిటరు రాశాడు: కుర్చీలు నలభై. వాడుకలో ఉన్నది ఒకటి.

ఆయన వెళ్లగానే కార్యదర్శి గుమస్తాని ఇంటికి పొమ్మన్నాడు. ఏ కుర్చీ ఎవరిదో తెలిసినవాడు అతనొక్కడే కాబట్టి, అన్నీ తిరిగిచ్చాక పొమ్మన్నాడు.