జమ్మికుంట చౌరస్తాలో మూరెడు యుద్ధం

శ్రీమద్భరతఖండంబున, ఉత్తర తెలంగాణ ప్రాంతంబున, పత్తిబస్తాల పర్వతపంక్తులతో, కాంటాల కిర్రుకిర్రులతో, దళారుల కేకలతో దిక్కులు పిక్కటిల్లు జమ్మికుంటయను పట్టణంబునందు, సూర్యుడు నడినెత్తిన కూర్చుండి మాడు మాడ్చు సమయంబున, జిల్లా హ్యాండ్‌బాల్ సంఘాధ్యక్షుడును, సన్మానసభాసింహుడును, శాలువాభూషణుడును, ఏనాడును బంతిని తాకి ఎరుగని వాడును అగు జలపతిరావు, మార్కెట్ యార్డు గేటు ముందర తన ఫ్లెక్సీని తానే తలెత్తి చూచుకొని గుండె జారి నిలిచెను.

ఆ ఫ్లెక్సీ సామాన్యమైనదా! ఎడమన గుమ్మడికాయంత జలపతిరావు ముఖము. కుడిన ఉసిరికాయంత కావ్య ముఖము. నడుమ బంగారు రంగున ‘స్వర్ణ విజేత’ అను అక్షరములు. కావ్య యనగా మరమగ్గాల కార్మికుడు పర్శరాములు కూతురు, భారత మహిళా హ్యాండ్‌బాల్ జట్టు గోల్‌కీపరు. ఎదుటి వర్గంవాడు ముందే కట్టునేమోయను భయంబున, సముద్రాలకు ఆవలి అంతర్జాతీయ క్రీడోత్సవంబున మన జట్టు తొలి ఆట ఆడకమునుపే జలపతిరావు దీనిని కట్టించెను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఇక ఆ రణము వినుడు. ఆటగత్తెలకంటె అధికారులే ఎక్కువై, అరిగిన బూట్లవారు ముందును సరికొత్త సూట్లవారు వెనుకను నడువ, మన సేన కదనరంగంబు చొచ్చెను. తొలిపోరున ఓడెను. మలిపోరున చిత్తుగా ఓడెను. తరువాతి శత్రువులు జాలిపడి తమ పిల్లబంట్లను దింపగా వారిచేతను ఓడెను. శరపరంపరగా వచ్చు బంతులకు ఒంటరిగా ఎదురొడ్డిన కావ్య అరచేతులు పూరీలవలె పొంగెను. తుదకు ఏడవ స్థానపు సమరంబున, ప్రత్యర్థులు తిన్న చేపలు వికటించి బరికి రాలేకపోగా, మనవారు ఒక్క బంతియు విసరకయే జయభేరి మ్రోగించిరి. పాల్గొన్న జట్లు ఎనిమిది.

సాయంకాలం కావ్య రైలు దిగును. వెనువెంటనే ఎమ్మెల్యే వచ్చును. ఆయన కంట ‘స్వర్ణ’ పడెనా, జలపతిరావు ఆశపడిన మున్సిపల్ టికెట్ గోవిందా! కొత్త ఫ్లెక్సీ వేయింపబోగా, అచ్చుయంత్రము ఎవరో నాయకుని పుట్టినరోజు ఫ్లెక్సీలను కక్కుచు ఖాళీ లేకుండెను. కావున ఫ్లెక్సీల కొండల్ ‘స్వర్ణ విజేత’పై అతికించుటకు ఒక పట్టీని మాత్రము అచ్చొత్తి, జిగురు పూసి, నిచ్చెనెక్కెను. బంగారమైనచో రెండు మాటలలో ఇముడును. ఏడవ స్థానమునకు సంజాయిషీ కావలెను. ‘విశ్వవేదికపై ఏడో స్థానం సాధించిన వీరవనిత’ అను ఆ పట్టీ మూరెడు పొడవెక్కువై, పోయి పోయి కావ్య ముఖమును కప్పెను.

అంతట కండెలు చుట్టు పని విడిచి, ఫ్లెక్సీ చూడవచ్చిన కావ్య తల్లి అనసూర్య నిలువునా మండెను.

“సారూ, నా బిడ్డ మొఖమేది? పొద్దుగాల ఉండె గద!”

జలపతిరావు మైకు లేకున్నను మైకు గొంతుతో గర్జించెను. “ఓ వీరమాతా! ముఖము నశ్వరము, కీర్తి శాశ్వతము! భరతమాత గౌరవము ముందర ఒక్క ముఖమెంత? దేశముకొరకు ఈపాటి త్యాగము చేయలేవా?”

“దేశం కోసమైతే నీదే కప్పుకో సారూ! బంతిల గాలి నిలుస్తలేదు, కొత్తది ఇప్పియ్యుమని నా పోరి నీ ఇంటి సుట్టు తిరిగి తిరిగి యాష్టకొచ్చింది. రేపు రా, మాపు రా అంటివి. ఫోటో మాత్రం ఆట కాకముందే ఏస్కుంటివి!”

బస్తాలు మోయు హమాలీలు మోత దించి గుమిగూడిరి. జలపతిరావునకు సిగ్గు వేసెను. కాని సిగ్గుకంటె టికెట్ పెద్దది. సంధికి దిగెను.

“జర ఆగు అనసూర్యా. పట్టీ నడిమిట్ల పెడ్దాం. నీ బిడ్డది సగం, నాది సగం.”

“సగమా? గోలు ముంగట నా బిడ్డ సగమే నిలబడ్డదా?”

ఆ మాటకు హమాలీల పెద్ద అంతయ్య కండ్లెర్రజేసి, “కొండలూ, పట్టీ ఎడమకు జరుపు!” అని నిచ్చెన పట్టెను. “కుడికే ఉంచు!” అని జలపతిరావు నిచ్చెన రెండవ కాలు పట్టెను. నిచ్చెన ఊగెను, కొండల్ ఊగెను, చౌరస్తా ఊగెను. పత్తిబేళ్ళెత్తిన బాహువులెక్కడ, పూలదండలెత్తిన బాహువులెక్కడ! “పరేషాన్ చెయ్యకుండ్రి, జిగురు ఎండుతుంది!” అని కొండల్ మొరపెట్టుచు పట్టీని జరజర ఎడమకు లాగెను. జలపతిరావు నుదురు మునిగెను. కండ్లు మునిగెను. ముక్కు మునిగెను.

“మీసమన్న మిగుల్చురా కొండలూ!” అని ఆ మహావీరుడు ఆక్రోశించెను. రేపటి ఆర్డర్లు తలచుకొని కొండల్ చేయి ఆపెను. జిగురు ఎండెను.

పొద్దు వాలువేళ రైలు దిగి, చేతికి కట్టుతో నడచివచ్చిన కావ్య తలెత్తి చూచెను.

“అవ్వా, నా పక్కన గా మీసమెవరిది?”

“ఏమో బిడ్డా, ఎవరిదో. నీ మొఖం సూడు, ఎంత మంచిగ పడ్డదో!”

కావున జనులారా, చాటుడు! నుదురు పోయినను, ముక్కు పోయినను, మూరెడు పట్టీకి లొంగక, శ్రీ జలపతిరావుగారి ఎడమ మీసపు కొస బెత్తెడు మేర దిగ్విజయముగా నిలిచెను!