ఎకరంన్నరకి ఎంపిక కమిటీ

"ఇకమీదట ఏ పనిముట్టు వాడాలో రైతుకి ప్రభుత్వం చెప్పదు. రైతే ప్రభుత్వానికి చెబుతాడు. ప్రభుత్వం చేతులు కట్టుకుని వింటుంది."

రెండు వేల సంవత్సరం జూన్ నెలలో మంత్రి చంద్రరావుగారు మా ఊరి బస్టాండు దగ్గర షామియానా కింద నిలబడి ఈ మాటలన్నారు. నేను ముందు వరసలోనే ఉన్నాను. నా పేరు ఎజ్రా. మండలాఫీసు ఎదురుగా జాబ్ టైపింగ్ షాపు నాది. ఆ ప్రసంగం టైపు చేసింది నేనే గాబట్టి ఎక్కడ చప్పట్లు కొట్టాలో నాకు తెలుసు. నేను మొదలుపెడితే మిగతావాళ్ళు అందుకున్నారు. "చేతులు కట్టుకుని" అన్నచోట మంత్రిగారు నిజంగానే చేతులు కట్టుకున్నారు. అది నేను టైపు చేసిన కాయితంలో లేదు. అప్పటికప్పుడు ఆయనకి తట్టింది. ఊరికే మంత్రులైపోరు.

షామియానా పక్కన బంతిపూల దండలతో ఒక చిన్న ట్రాక్టరు నిలబడి ఉంది. పద్దెనిమిది హార్స్‌పవర్. చిన్న కమతాల కోసం తయారైంది. వెనక ఏమీ తగిలించి లేదు. ఏం తగిలించాలో రైతే చెప్పాలి గదా, అదీ పథకం. మా మండలంలో దాన్ని మొదట అందుకునే భాగ్యం సంపూర్ణమ్మగారికి దక్కింది. కాలవ లాకుల దగ్గర ఎకరంన్నర వరి చేను ఆవిడది. భర్త పోయాక పదకొండేళ్ళుగా ఆవిడే చేయించుకుంటోంది.

మంత్రిగారు ఆవిడ చేతిలో తాళంచెవి పెట్టారు. ఫోటో తీశారు. తర్వాత మండల పార్టీ కన్వీనరు అబ్బులుగారు భద్రత దృష్ట్యా ఆ తాళంచెవి తీసుకుని తన జేబులో వేసుకున్నారు.

"చెప్పమ్మా," అన్నారు మంత్రిగారు మైకు ఆవిడ ముందు పెట్టి. "దీని వెనక ఏం తగిలించమంటావు?"

"దమ్ము చక్రాలు ఇప్పించండి బాబూ. చాలు," అంది సంపూర్ణమ్మగారు.

డెల్టా బయట ఉండే పాఠకుల కోసం ఒక మాట. దమ్ము చక్రాలంటే ట్రాక్టరు వెనక టైర్ల పక్కన బిగించే ఇనప చట్రాలు. నీళ్ళు నిలబెట్టిన చేలో వాటితో తొక్కిస్తే మన్ను మెత్తటి బురదై నాట్లకి సిద్ధమవుతుంది. మా వైపు వరి చేనుకి దున్నడం అంటే చాలావరకు ఇదే. ఆవిడ చెప్పింది అయిదు మాటలు. పథకం అక్కడితో పూర్తయిపోవాలి. కానీ మా ఏడీగారు అంత తొందరపడే మనిషి కాదు.

ఏడీగారంటే వ్యవసాయ సహాయ సంచాలకులు వీరబ్రహ్మంగారు. మర్నాడు పొద్దున్నే నా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుని డిక్టేషను ఇచ్చారు. రైతు ఏం కోరుకుంటున్నాడో నిర్ధారించడానికి ఎంపిక కమిటీ. అధ్యక్షుడు ఆయనే. ప్రజల తరఫున సభ్యుడు అబ్బులుగారు. ట్రాక్టరు మండలాఫీసు షెడ్డులో ఉంటుంది. నాలుగు కాపీలు.

నేను మూడో పేరాలో ఉండగా సంపూర్ణమ్మగారు గుమ్మంలోకి వచ్చింది.

"నిన్న నేను చెప్పాను కదండి ఏడీగారూ."

"చెప్పారమ్మా. అది అభిప్రాయం. మాకు కావలసింది ఎంపిక."

"రెండూ ఒకటి కాదాండి?"

"ఒక్క దాన్నే చూసి ఇది కావాలంటే ఎంపిక ఎలా అవుతుందమ్మా? నాలుగైదు చూసి, మిగతావి వద్దనుకోవాలి. అప్పుడు అది ఎంపిక."

"నారు పోసి ఎనిమిది రోజులైందండి. పాతికో రోజు దాటకుండా నాటుకుంటే మంచిది. తర్వాత ముదిరిపోద్ది."

"అందుకే కదమ్మా ఇవాళే ఆర్డరు టైపు చేయిస్తున్నాం," అన్నారు వీరబ్రహ్మంగారు. ఆయన వేగం చూస్తే నాకే ముచ్చటేసింది.

జూలై మొదటి వారంలో కమిటీ జంగారెడ్డిగూడెం బయల్దేరింది. మినిట్స్ రాసుకోవడానికి నన్నూ తీసుకెళ్ళారు. ట్రాక్టరుని లారీ మీద తెచ్చారు. అక్కడ ఒక పామాయిల్ తోటలో డిస్కు నాగలి చూశాం. పళ్ళేల్లాంటి పెద్ద ఇనప బిళ్ళలు, ఎండకి తళతళలాడిపోతున్నాయి. ఎర్రనేలని, రాళ్ళని లెక్కచెయ్యకుండా తిరగేస్తుంది. వీరబ్రహ్మంగారు చూసీ చూడగానే ప్రేమలో పడ్డారు.

"ఫోటోలో ఇది బాగా పడుతుంది," అన్నారు.

తోట మాలీ సందేహిస్తూ అన్నాడు, "ఇది పెద్ద ట్రాక్టరుదండి. మీ చిన్నదానికి బరువైపోద్దేమో."

తగిలించి చూశారు. నాగలి పైకి ఎత్తగానే ట్రాక్టరు ముందు చక్రాలు రెండూ మూరెడు ఎత్తున గాల్లోకి లేచాయి. డ్రైవరుకి ఆకాశం తప్ప ఇంకేమీ కనపడలేదు. వీరబ్రహ్మంగారు ఆలోచించి అబ్బులుగారి వైపు చూశారు. అబ్బులుగారు తొంభై కేజీలుంటారు. పార్టీ కోసం ఎంతకైనా సిద్ధం అని గోడల మీద రాయించుకున్న మనిషి. మాట్లాడకుండా వెళ్ళి బానెట్ మీద కూర్చున్నారు. చక్రాలు నేలకి ఆనాయి. ట్రాక్టరు పది గజాలు నడిచింది.

నేను మినిట్స్‌లో రాసుకున్నాను: పనితీరు సంతృప్తికరం. ముందు భాగంలో ఒక కన్వీనరు అవసరం.

"కానీ సార్, సంపూర్ణమ్మగారి చేను మెత్తటి నల్లరేగడి కదండి. రాళ్ళెక్కడివి?" అన్నాను.

"నేల సంగతి వేరే శాఖ చూసుకుంటుంది ఎజ్రా. మన శాఖ యంత్రం." తర్వాత భోజనానికి కూర్చున్నాం. కోడి వేపుడు విషయంలో కమిటీలో అభిప్రాయభేదాలు రాలేదు.

ఆ తర్వాతి వారం తణుకు వైపు ఒక చెరుకు తోటలో బోదెల నాగలి చూశాం. చెరుకు నాటడానికి తిన్నగా కాలవలు తీస్తుంది. అబ్బులుగారికి అది నచ్చింది. సంపూర్ణమ్మగారు వేసేది వరి కదా అని గుర్తుచేశాను. ఆవిడ చెరుకు వేసుకోవచ్చు గదా అన్నారు అబ్బులుగారు. దాంతో కమిటీలో రెండు వర్గాలయ్యాయి. సభ్యులే ఇద్దరు గాబట్టి వర్గానికి ఒక్కరు చొప్పున వచ్చారు.

నారు పోసి ముప్ఫై రోజులైన నాడు సంపూర్ణమ్మగారు మళ్ళీ వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు. లోపలికొచ్చి నా బల్ల మీద నారు మొక్కొకటి పెట్టింది. జానెడున్నర పొడుగుంది. అడుగు ఆకు పసుపు తిరిగింది.

"కాలవలో నీళ్ళున్నాయండి. చేలో నీళ్ళున్నాయి. షెడ్డులో ట్రాక్టరుంది. ఆ చక్రాలు ఒక్క రోజుకి ఎవరినన్నా అడిగి నేనే తెచ్చుకుంటాను. తాళం ఇప్పించండి."

వీరబ్రహ్మంగారు చాలా మర్యాదగా నిలబడ్డారు. "దమ్ము చక్రాలని కూడా పరిశీలించామమ్మా. ఇనప చక్రాలతో తారు రోడ్డు ఎక్కకూడదని రూలుంది. షెడ్డు నించి మీ చేనుకి రోడ్డు మీదే రావాలి."

"చేను గట్టు మీద బిగించుకుంటామండి. అందరూ చేసేది అదే కదా."

"గట్టు మన పరిధిలోకి రాదమ్మా."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. కోపగించుకుంటుందేమో అనుకున్నాను. మొక్క తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం నేను టైపులో మూడు తప్పులు కొట్టాను. నా సర్వీసులో అది రికార్డు.

ఆవిడ తిన్నగా లోవరాజు ఇంటికి వెళ్ళిందని తర్వాత తెలిసింది. లోవరాజుకి ఒక జత దున్నపోతులు ఉన్నాయి. ట్రాక్టర్లొచ్చాక వాటిని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వాటిని మేపుకుంటూ కూర్చున్నారు. ఆవిడ అడగ్గానే లోవరాజు కాడి భుజానేసుకుని లేచాడు. రెండు రోజుల్లో దమ్ము అయిపోయింది. మూడో రోజు నాట్లు. ముదురు నారు గాబట్టి కుదుళ్ళు దగ్గర దగ్గరగా పెట్టించింది.

ఆగస్టు మధ్యలో మంత్రిగారు పథకం ఫలితాలు చూడడానికి వస్తున్నారని ఫోనొచ్చింది. వీరబ్రహ్మంగారు, అబ్బులుగారు ఆదరాబాదరా ట్రాక్టరు కడిగించి చేను గట్టు మీదకి తెప్పించారు. తీరా చూస్తే చేను పచ్చగా ఉంది. దున్ని చూపించడానికి అరసెంటు ఖాళీ లేదు. అబ్బులుగారి ముఖం పాలిపోయింది. వీరబ్రహ్మంగారు మాత్రం తడబడలేదు. బంతిపూల దండ సర్దారు.

మంత్రిగారు కారు దిగి చేనంతా తిరిగి చూసి చాలా సంతోషించారు. "బ్రహ్మాండం. ఏ పనిముట్టు ఎంచుకున్నారు?"

"ఎంపిక చివరి దశలో ఉంది సార్," అన్నారు వీరబ్రహ్మంగారు.

"అంటే ఏమీ తగిలించకుండానే ఇంత పంటా?"

"అవును సార్. ఖాళీ ట్రాక్టరు ప్రభావం."

మంత్రిగారు అనుభవజ్ఞులు. సంపూర్ణమ్మగారి వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. దమ్ము ఎలా చేశావు?"

"లోవరాజు చేశాడండి," అంది ఆవిడ.

"లోవరాజుగారిది ఏ డిపార్టుమెంటు?"

దూరంగా కాలవగట్టు మీద దున్నల్ని మేపుకుంటున్న లోవరాజుని పిలిచారు. అతను తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని వచ్చాడు. మంత్రిగారు అతని భుజం మీద చెయ్యేసి పత్రికలవాళ్ళని పిలిచారు.

"ఇలాంటి మట్టిలో మాణిక్యాల్ని వెతకడమే మా పని. లోవరాజుగారిని రాష్ట్రస్థాయి ఎంపిక కమిటీలో సభ్యుడిగా వేస్తున్నాం."

చప్పట్లు నేనే మొదలుపెట్టాను. మిగతావాళ్ళు అందుకున్నారు.

లోవరాజుని చూసి ఊరు ఊరంతా గర్వపడింది. ఏడాది తిరిగేసరికి అతను కర్నూలు చూశాడు, వరంగల్ చూశాడు. ఫుల్ ప్యాంటు వేసుకోవడం నేర్చుకున్నాడు. మనిషి మాత్రం మారలేదు. కనపడితే "బాగున్నారా ఎజ్రాగారూ" అని ఆగి పలకరించేవాడు. ఆ మరుసటి జూలైలో అతను నా షాపులో జీపు కోసం కూర్చుని ఉండగా సంపూర్ణమ్మగారు వచ్చింది.

"లోవరాజూ, నారు అందుకొచ్చింది. దమ్ముకి ఎప్పుడొస్తావు?"

అతను తల దించుకున్నాడు. "రాలేనండి. ఇప్పుడు మెంబర్ని. సొంతంగా దున్నితే ఒక పద్ధతి వైపు మొగ్గినట్టవుద్దని కాయితం ఇచ్చారండి."

"పోనీ దున్నల్ని పంపించు."

"వాటి పేరు కూడా కాయితంలో ఉందండి."

జీపు వచ్చింది. ముందు సీట్లో వీరబ్రహ్మంగారు. జంగారెడ్డిగూడెం ప్రయాణం, డిస్కు నాగలి పునఃపరిశీలన. లోవరాజు వెనక ఎక్కి కూర్చున్నాడు. సంపూర్ణమ్మగారు, "కమిటీకి ఒక అర్జీ టైపు చెయ్యి ఎజ్రా, పెట్టి చూస్తే పోయేదేముంది," అని వెళ్ళింది.

మర్నాడు పదింటికి సంతకం కోసం అర్జీ పట్టుకుని సైకిలు మీద లాకుల దగ్గరికి వెళ్ళాను. చేలో లోవరాజు దున్నపోతులు రెండూ మోకాలి లోతు బురదలో తిరుగుతున్నాయి. వెనకాల లోవరాజు భార్య, పేరు చిన్నమ్మాయి, చీర పైకి దోపి, "హో, హో" అంటూ తోలుతోంది. అప్పటికే సగం చేను దమ్మయింది.

"కాయితం ఆయనకిచ్చారు గానండి, నాకివ్వలేదు కదండి," అంది నన్ను చూసి.

సంపూర్ణమ్మగారు గట్టు మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. సగం తాగానో లేదో, జంగారెడ్డిగూడెం నించి తిరిగొస్తున్న జీపు రోడ్డు మీద ఆగింది. వీరబ్రహ్మంగారు నోటుబుక్కు పట్టుకుని దిగారు. చిన్నమ్మాయి వైపు చాలా ఆసక్తిగా చూస్తున్నారు.

"ఏంటమ్మా అది? ఏం జరుగుతోంది అక్కడ?"

చిన్నమ్మాయి బిగుసుకుపోయింది. సంపూర్ణమ్మగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఏం లేదండి. దున్నలకి స్నానం చేయిస్తోంది."

వీరబ్రహ్మంగారు దున్నల వైపు చూశారు. బురద వైపు చూశారు. కాడి వైపు కూడా చూశారు. వెనక సీట్లో లోవరాజు రోడ్డుకి అవతలి వైపు కొబ్బరిచెట్లని లెక్కపెడుతున్నట్టు తదేకంగా చూస్తున్నాడు.

"మంచిదమ్మా. పశువుల శుభ్రత చాలా ముఖ్యం," అని నోటుబుక్కు మూసి ఆయన జీపెక్కారు.

జీపు లాకుల మలుపు దాటేదాకా చిన్నమ్మాయి దోసిలితో నీళ్ళు తీసి దున్నల వీపు మీద పోస్తూనే ఉంది. తర్వాత చీర మళ్ళీ పైకి దోపుకుని, "హో," అంది.