సగం తొక్కిన క్లచ్చి

వాన వచ్చేలోగా కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేయాలి. ఆ ఉదయం గిరిబాబు పెట్టుకున్న పని అదొక్కటే. కొత్తగా కొన్న బుల్లి ట్రాక్టరు వెనక పెద్ద ఫ్యాను తగిలించాడు. మామగారు జగన్నాధం బొబ్బిలి నుంచి చూడ్డానికి వస్తున్నాడు. "ఆ ఆటబొమ్మతో గింజ తడవకుండా పనైతే సరే, నేకపోతే షోరూముకి ఎనక్కి తోలీ అల్లుడా" అని ఫోన్లోనే తేల్చేశాడు.

తల్లి దేముడమ్మ ట్రాక్టరుకి పసుపు రాసి, బొట్లు పెట్టి హెచ్చరించింది. "లచ్చింతల్లిరా! కాలితో గట్టిగా తొక్కీకు, పాపం తగుల్తాది." గిరిబాబు చెప్పులు విప్పి ఎక్కాడు. ఫ్యాను తిరిగింది. అబ్బో, ఏం గాలి! భార్య ఈశ్వరి చేటతో పోస్తుంటే గింజ ఇటు, తాలు అటు! "సూసావేటే! మీ నాన్న నోరెల్లబెట్టాల!" అని కేకేశాడు.

నోరెళ్లబెట్టిన మాట నిజమే, తాలంతా అందులోకే పోయింది. జగన్నాధం తెల్లపంచెతో వచ్చి సరిగ్గా ఫ్యానుకెదురుగా నిలబడ్డాడు.

"ఆపు అల్లుడా, ఆపు!"

గిరిబాబు క్లచ్చి మీద పాదం మెత్తగా ఆనించాడు. ఫ్యాను ఆగలేదు. పోనీ ట్రాక్టరునే పక్కకి తిప్పుదామని గేరు వేశాడు. బండితోపాటు గాలీ తిరిగింది. ఆరబెట్టిన వడియాలు లేచిపోయాయి. పక్కింటి లక్ష్ముడి లుంగీ దండెం వదిలి చింతచెట్టెక్కింది. "దిష్టి తగిలీసింది!" అంటూ దేముడమ్మ గుమ్మడికాయ కోసం పరిగెత్తింది.

గిరిబాబు మెకానిక్ కొండబాబుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "సక్రాలు ఆగతన్నాయి గానీ ఫ్యాను ఆగట్నేదురా!"

"సగం తొక్కితే సక్రాలే ఆగుతాయి బావా. ఫ్యాను తిప్పే షాఫ్టు ఆగాలంటే అడుగంటా తొక్కాల."

"అమ్మో, మా అమ్మ వద్దంది!"

ఈశ్వరికి ఒళ్లు మండింది. ట్రాక్టరెక్కి, మొగుడి పాదం మీద తన పాదం వేసి ఒక్క తొక్కు తొక్కింది. ఫ్యాను ఆగింది. "ఓలమ్మో, మొగుడి కాలు తొక్కీసింది!" అని దేముడమ్మ గుండెలు బాదుకుంది.

అంతలో జగన్నాధం బట్టతల మీద టప్పున చినుకు పడింది. "ఆపీసావేటే పిల్లా! తిప్పు, తిప్పు!" అంటూ ఆయనే చేట అందుకున్నాడు. ఈశ్వరి గిరిబాబుని సీట్లోంచి నెట్టేసి, బండిని తిన్నగా నిలబెట్టింది. తొక్కాల్సినప్పుడు తొక్కింది, వదలాల్సినప్పుడు వదిలింది. ఆఖరి బస్తా పాకలోకి చేరాకే వాన దంచికొట్టింది.

జగన్నాధం మీసంలో పొట్టు దులుపుకుంటూ నవ్వేశాడు. "భలే బండి అల్లుడా! ఎనక్కి తోలొద్దు. వాన తగ్గాక మా కళ్లానికి రావాల."

గిరిబాబు ఛాతీ పొంగిపోయింది. "కబురెట్టు మావా, ఎగురుకుంటా వస్తాను!"

"నువ్వెందుకు? అమ్మాయిని పంపు."