సీలేసిన బారు, తూలుతున్న జనం

"నేను కళ్ళు మూసుకున్నంతసేపే హజరతూ, ఈ జిల్లాలో నేరాలు జరిగేది. అందుకే రెప్ప కొట్టడం గూడా తగ్గించినా" అన్నాడు పెంచలకృష్ణ.

ఆ మాట అంటుండగానే పక్కనుంచి ఇసక లారీ పోయింది. ఆటో వెనక సీట్లో కూర్చున్న పెంచలకృష్ణ అక్కణ్ణుంచి కృష్ణపట్నం రేవు దాకా రెండు కళ్ళూ నలుపుకుంటూనే ఉన్నాడు. ఆ లెక్కన దారిలో ఎన్ని నేరాలు జరిగిపోయాయో అని ఆటో నడుపుతున్న హజరత్తయ్యకు అడగాలనిపించింది. అడగలేదు. వెనక భార్య చెంచమ్మ ఉంది. ఆమె ఒళ్ళో క్యారియర్ ఉంది. క్యారియర్‌లో కొడుకు కోసం మామిడికాయ వేసి వండిన చేపల పులుసు ఉంది. ఆ పూట ఆమె ముందు వేళాకోళం ఆడే ధైర్యం అతనికి లేదు.

పెంచలకృష్ణకు మనుబోలు సెంటర్లో ఎరువుల కొట్టు ఉంది. బోర్డు మీద యూరియా, పొటాష్‌ల కింద 'డిటెక్టివ్ సేవలు కలవు' అని రాయించాడు. యూరియాకు రైతులు వస్తారు. సేవలకు ఎవరూ రారు కాబట్టి కేసుల దగ్గరికి అతనే పోతాడు. నిరుడు ఎవరిదో బోరు మోటారు దించే నైలాన్ తాడు పోయింది. అతను ఊళ్ళో సగం మందిని అనుమానించి, మిగతా సగం మందిని సాక్షులుగా పిలిచాడు. తాడు అతని పెరట్లోనే దొరికింది. భార్య దాని మీద చీరలు ఆరేసుకుంటోంది. "నేరస్థుడి స్థావరంలోనే పట్టుకున్నా" అని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

హజరత్తయ్య కొడుకు గణేష్ నెల్లూరులో హోటల్ కోర్సు చదివి ప్యాసింజర్ ఓడలో పనికి చేరాడు. పని బారులో. ఇల్లు వదిలి ఏడాది కావస్తోంది. సింగపూర్ నుంచి వస్తున్న ఆ ఓడ ఈ రోజు కృష్ణపట్నంలో ఆగి, చీకటి పడేలోగా వెళ్ళిపోతుంది. ఆ కాసేపట్లో కొడుక్కి తన చేత్తో ఒక్క ముద్ద పెట్టాలన్నది చెంచమ్మ కోరిక. సీసాల మధ్య బతుకుతున్నవాడు వాటి జోలికి పోయాడా లేదా అని తేల్చుకోవాలన్నది ఆమె బెంగ. తేల్చడానికి ఆమె ముక్కు చాలు. పెళ్ళైన కొత్తలో హజరత్తయ్య కల్లు మానింది ఆ ముక్కుకు జడిసే.

"రేవులో ఉన్నంతసేపు బారుకు సీలమ్మా" అని గణేష్ ముందురోజు ఫోనులో చెప్పాడు. "కస్టమ్స్ వాళ్ళొచ్చి తాళం మీద సీలేసి పోతారు. మళ్ళీ సముద్రంలోకి బాగా లోపలికి పోయినాక గానీ తియ్యకూడదు. ఒక్క చుక్క పొయ్యకూడదు. నేను ఖాళీనే. అన్నం తీసుకురాండి."

గేటు పక్కన సందర్శకుల షెడ్డులో ముగ్గురూ నిలబడ్డారు. అక్కణ్ణుంచి ఓడ మెట్లు కనిపిస్తున్నాయి. ప్యాసింజర్లు దిగడం మొదలైంది. టోపీ పెట్టుకున్న ముసలాయన మెట్లు బాగానే దిగాడు. నేల మీద కాలు పెట్టగానే పక్కకు ఒరిగి, దీపస్తంభాన్ని పట్టుకున్నాడు. అతని వెనక వచ్చిన మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకున్నారు. తరవాత దిగిన లావుపాటాయన రెండు చేతులూ చాచి, వాన పడ్డ పొలం గట్టు మీద నడిచినట్టు బస్సు దాకా నడిచాడు.

పెంచలకృష్ణ జేబులోంచి భూతద్దం తీశాడు.

"హజరతూ, పైనేమో బారుకు సీలు. కిందేమో మనుషులకు మత్తు. మధ్యలో ఏముండాది?"

"మెట్లుండాయి."

"మధ్యలో నేరం ఉండాది! రక్తం గడ్డకట్టే నేరం."

"రేయ్ కిష్టా, అది మావాడి బారురా. నీకు దండం పెడతా, నోరు మూసుకో."

"న్యాయానికి నీవాడు నావాడు అని లేదబ్బా."

హజరత్తయ్య చెంచమ్మకు మంచినీళ్ళ సీసా తెచ్చేలోపల పెంచలకృష్ణ కస్టమ్స్ ఆఫీసులో ఉన్నాడు.

అక్కడి అధికారి సుశీల్ కుమార్ అనంతపురం వైపు మనిషి. ఆ వారమే బదిలీ మీద వచ్చాడు. అంతకుముందు అతను చూసిన పెద్ద నీళ్ళు చెరువు నీళ్ళే. పొద్దున తన చేత్తో సీలు వేసిన బారులోనే మందు పోస్తున్నారని ఒక మనిషి భూతద్దంతో వచ్చి చెబితే అతనికి చెమట పట్టింది. పెంచలకృష్ణనూ, వెతుక్కుంటూ వచ్చిన హజరత్తయ్యనూ వెంటబెట్టుకుని ఓడ ఎక్కాడు.

సీలు వేసింది వేసినట్టే ఉంది. సుశీల్ కుమార్ ఊపిరి పీల్చుకున్నాడు.

"చెక్కు చెదరలేదు."

"అదే సార్ నా అనుమానం! నిజాయితీ గల బారుకు ఇంత శుభ్రమైన సీలు ఎందుకుంటాది?"

బారు మేనేజరు హెన్రీ చెన్నై మనిషి. అతను చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "సార్, మా ప్యాసింజర్లు ఏ పోర్టులో దిగినా ఫస్ట్ ఇట్లానే నడుస్తారు సార్. అది వచ్చి..."

"విన్నారా సార్!" పెంచలకృష్ణ కేక పెట్టాడు. "ఏ పోర్టులో దిగినా! అంతర్జాతీయ ముఠా! తన నోటితో తానే ఒప్పుకున్నాడు!"

హెన్రీ చెప్పబోయిన మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది. కౌంటరు వెనక నల్ల కోటు వేసుకుని నిలబడ్డ గణేష్ తండ్రిని చూశాడు.

"నాన్నా, పెంచల మామను ఎందుకు తీసుకొచ్చినావు?"

"ఆటోలో సీటు ఖాళీగా ఉంటే..." అన్నాడు హజరత్తయ్య.

సుశీల్ కుమార్ సీలును ఇంకోసారి తడిమి చూశాడు. ఫిర్యాదు వచ్చాక విచారించక తప్పదన్నాడు. తూలినవాళ్ళ సంగతి తేలేదాకా బారు సిబ్బంది ఎవరూ ఓడ దిగకూడదన్నాడు. చీకటి పడేలోగా తేలకపోతే ఆ ముక్కే రాసి ఓడ కంపెనీకి పంపుతానన్నాడు.

"పంపితే?" అని హజరత్తయ్య హెన్రీని అడిగాడు.

"కంపెనీ ఏం అడగదు. నెక్స్ట్ పోర్టులో దించేస్తుంది. నన్నూ, మీ అబ్బాయినీ."

హజరత్తయ్య పెంచలకృష్ణ వైపు చూశాడు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నందుకు ఇంత శిక్ష ఉంటుందని అతనికి తెలియదు.

"భయపడొద్దు" అన్నాడు పెంచలకృష్ణ అతని భుజం తట్టి. "గణేష్‌ను ఈ కేసులోంచి నేనే బయటేస్తా."

"ఇరికించింది నువ్వే గదరా!"

"అందుకే, ఈ కేసు గురించి నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

ప్యాసింజర్లను పరీక్షించడానికి సుశీల్ కుమార్ హైవే పోలీసుల దగ్గర్నుంచి నోటితో ఊదే యంత్రం తెప్పించాడు. అది వచ్చేసరికి బస్సులు మైపాడు బీచికి వెళ్ళిపోయాయి. బస్సులు తిరిగొచ్చేసరికి అందరూ తిన్నగా నడుస్తున్నారు. టోపీ ముసలాయన అయితే మెట్లు గబగబా ఎక్కి, యంత్రంలో ఊది, సెల్ఫీ తీసుకున్నాడు. యంత్రం సున్నా చూపించింది.

"కిక్కు దిగిపోయింది సార్. సాక్ష్యం ఆవిరైంది" అన్నాడు పెంచలకృష్ణ. హజరత్తయ్యను పక్కకు లాగాడు. "ఓడకు రెండు పక్కలు. ఈ పక్క కస్టమ్స్. ఆ పక్క సముద్రం. ఆ పక్క ఎవురన్నా చూసినారా? సీసాలు పైకి పోతుండేది అటునుంచే!"

రేవుకు ఆనుకుని చేపల పడవలు ఆగే చోటు ఉంది. మైపాడు గంగాధరం అక్కడ వల సర్దుకుంటున్నాడు. పడవ కావాలంటే వాళ్ళిద్దర్నీ కిందినుంచి మీదికి చూశాడు.

"ఎప్పుడన్నా సముద్రం ఎక్కినారా అన్నా?"

"డిటెక్టివ్‌కు నేలా నీళ్ళూ ఒకటే" అన్నాడు పెంచలకృష్ణ.

"ఆ సంగతి నీళ్ళకు గూడా తెలియాల గదా."

హజరత్తయ్య కూడా ఎక్కాడు. వీణ్ణి ఒంటరిగా పంపితే కొడుక్కి ఉరిశిక్ష వేయించి గానీ రాడని అతని భయం.

పడవ ఓడకు ఆ పక్కగా పోయింది. ఓడ పొట్టలోంచి ఒకచోట నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"మందు! పారబోస్తా ఉండారు! సాక్ష్యం నాశనం!" అంటూ పెంచలకృష్ణ దోసిలి పట్టి గుటక వేశాడు. ముఖం మాడింది.

"ఇంజను చల్లార్చిన నీళ్ళన్నా అవి" అన్నాడు గంగాధరం.

మంచి సాక్ష్యం కోసం పడవను ఇంకొంచెం అవతలికి పోనివ్వమన్నాడు పెంచలకృష్ణ. రేవు గోడ దాటాక దూరంగా చూడాలని లేచి నిలబడ్డాడు. అలకు పడవ ఎగిరింది. అతని భుజం మీది కండువా నీళ్ళలో పడి, పోయి పడవ వెనక పంకాకు చుట్టుకుంది. ఇంజను గురగురమని ఆగిపోయింది.

గంగాధరం తిట్టుకుంటూ నీళ్ళలోకి దిగాడు. అది పెంచలకృష్ణ పెళ్ళినాటి పట్టు కండువా. కొడవలితో పోగు పోగూ కొయ్యాల్సి వచ్చింది. అంతసేపూ పడవ లేచింది, పడింది, పక్కకు ఒరిగింది, మళ్ళీ లేచింది. హజరత్తయ్య అడుగున కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పెంచలకృష్ణ కడుపులోంచి మధ్యాహ్నం తిన్నది ముందు, పొద్దున తిన్నది తరవాత బయటికొచ్చాయి.

"నాకు విషం పెట్టినారు హజరతూ. నా చావు వెనక ఏదో కనిపించని చెయ్యి ఉండాది."

"నీ చావు వెనక నీ కండువా ఉండాది. కూచోరా."

పొద్దు వాలుతుండగా పడవ ఒడ్డుకు చేరింది. ఒడ్డు మీద సుశీల్ కుమార్ నిలబడి ఉన్నాడు. పక్కన జీపు డ్రైవరు, చేతిలో యంత్రం. ఎవరో ఇద్దరు ఓడకు ఆ పక్క పడవలో తిరిగారని రేవు కాపలావాళ్ళు కబురు చేశారు. ఓడ మొదటి కూత వేసింది.

హజరత్తయ్య గట్టు మీద కాలు పెట్టాడు. గట్టు పైకి లేచింది. రెండో కాలు పెట్టాడు. గట్టు కిందికి దిగింది. సిమెంటు గట్టు ఇట్లా చెయ్యకూడదని అతనికి తెలుసు. అయినా చేస్తోంది. అతను నాలుగడుగులు జీపు వైపు వెయ్యబోయి సముద్రం వైపు వేశాడు. పెంచలకృష్ణ తాళ్ళు కట్టే ఇనప గుంజను రెండు చేతులా కావిలించుకున్నాడు.

సుశీల్ కుమార్ ముఖం వికసించింది.

"బాగుంది. ఫిర్యాదు చేసినవాడే దొంగ. సీసాలు ఎక్కడ దించారు?"

"సార్! నేను డిటెక్టివ్‌ను!"

"ముందు ఊదు."

ఊదాడు. సున్నా. మళ్ళీ ఊదించాడు. సున్నా. హజరత్తయ్య చేత ఊదించాడు. సున్నా.

"యంత్రం పాడైందేమో. నువ్వు ఊదు" అని డ్రైవరుకు ఇచ్చాడు. డ్రైవరు వద్దన్నాడు. సుశీల్ కుమార్ ఊదమన్నాడు. డ్రైవరు ఊదాడు. యంత్రం కీమని అరిచింది.

"రాత్రిది సార్" అన్నాడు డ్రైవరు తల వంచుకుని.

యంత్రం బాగానే ఉందని తేలిపోయింది. సుశీల్ కుమార్ అయోమయంగా పెంచలకృష్ణ వైపు తిరిగాడు. "తాగలేదు. మరి ఎందుకు తూలుతున్నావు?"

"నేను తూలడంలేదు సార్. రేవే తూలతా ఉండాది. మీరే చూడండి!"

హజరత్తయ్యకు దీపస్తంభాన్ని పట్టుకున్న టోపీ ముసలాయన గుర్తొచ్చాడు. ఆయన పట్టుకున్నదీ ఇట్లానే.

"సారూ!" అన్నాడు. "పొద్దున వాళ్ళకు గూడా రేవే తూలింది సార్! మేము సగం పూట పడవలో ఉంటేనే ఇట్లుండాది. వాళ్ళు సింగపూర్ నుంచి అలల మీద ఊగుతా వచ్చినారు. తాగి కాదు సార్, దిగి తూలినారు!"

ఓడ మెట్ల మీదనుంచి ఈ తతంగమంతా చూసిన హెన్రీ తనూ తూలుకుంటూనే ఉరికొచ్చాడు. "అదే సార్ నేను పొద్దున చెప్పబోయింది! 'అది వచ్చి' అన్నాను, ఆయన చెప్పనియ్యలేదు. అది వచ్చి, ఒళ్ళు అలకు అలవాటైపోతుంది సార్. నేల మీదికి వచ్చినా కొంచెం సేపు ఒళ్ళు వినదు."

పడవలోంచి గంగాధరం ఇకిలించాడు. "నీకు తెలిసి గూడా చెప్పలేదే?" అని హజరత్తయ్య అడిగాడు.

"పడవ అడిగినారు, ఇచ్చినా."

సుశీల్ కుమార్ ఫిర్యాదు కాగితాన్ని రెండుగా చింపాడు. ఓడ రెండో కూత వేసేలోగా తిరిగొచ్చెయ్యాలని చెప్పి గణేష్‌ను దిగనిచ్చాడు. గుంజను వదలకుండానే పెంచలకృష్ణ గొంతు సవరించుకున్నాడు.

"నా పథకం ఫలించింది సార్. నా శరీరాన్నే ప్రయోగశాల చేసినా."

సుశీల్ కుమార్ అప్పటికే జీపు వైపు నడుస్తున్నాడు.

గణేష్ మెట్లు దిగాడు. నేల మీద కాలు పెట్టగానే పక్కకు ఒరిగాడు. ఎదురుగా పోతున్న హజరత్తయ్య ఇంకో పక్కకు ఒరిగాడు. ఇద్దరూ మధ్యలో ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. ఎవరు ఎవరిని నిలబెట్టారో ఇద్దరికీ తెలియదు. ఏడాది తరవాత కొడుకును అంత గట్టిగా పట్టుకోవడానికి సాకు దొరికినందుకు హజరత్తయ్య వెంటనే వదల్లేదు. గుంజను వదిలేసి వచ్చిన పెంచలకృష్ణ ఇంకో పక్కనుంచి భుజం పట్టుకున్నాడు.

గేటు దగ్గర చెంచమ్మ పొద్దుటినుంచీ కూర్చునే ఉంది. మందు గొడవలో కొడుకును ఆపారని మాత్రమే ఆమెకు తెలుసు. ఇప్పుడు ముగ్గురు మగవాళ్ళు భుజాల మీద చేతులేసుకుని తూలుకుంటూ రావడం చూసింది. క్యారియర్ కింద పెట్టి లేచి నిలబడింది.

"అమ్మా, అది కాదు..." అన్నాడు గణేష్.

"ఊదు."

అతను వంగి తల్లి ముఖం మీద ఊదాడు. ఆమె కళ్ళు మూసుకుని వాసన చూసింది.

"సోంపు" అంది. కొడుకు చెంప నిమిరింది. మొగుడి వైపు తిరిగింది. "నువ్వు?" అతనూ ఊదాడు. "డీజిలు" అంది. పెంచలకృష్ణ తన వంతు వచ్చిందని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నువ్వొద్దులే అన్నా."

"చెంచమ్మా, నీ కొడుకును కాపాడింది ఎవురనుకుంటాండావు? ఈ కళ్ళే..."

"ఆ కళ్ళు కాసేపు మూసుకో నాయనా. నా బిడ్డ అన్నం తినిందాకన్నా."

నేల ఇంకా ఊగుతూనే ఉంది కాబట్టి పెంచలకృష్ణ కాదనలేదు. ఆటో కమ్మీ పట్టుకుని, సీటుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. చెంచమ్మ క్యారియర్ విప్పింది. తండ్రీ కొడుకులు నేల మీదే చతికిలబడ్డారు. ఆమె ముద్దలు కలిపి పెడుతుంటే ఒకరి తరవాత ఒకరు తిన్నారు.

ఓడ రెండో కూతకు పెంచలకృష్ణ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. గణేష్ మూతి తుడుచుకుంటూ మెట్ల వైపు పరిగెత్తుతున్నాడు. క్యారియర్ గిన్నెలో ఒక ముల్లూ, ఒక కరివేపాకు రెబ్బా మిగిలాయి.

పెంచలకృష్ణ భూతద్దం తీసి గిన్నెలోకి చూశాడు.

"చెప్పలేదా హజరతూ?" అన్నాడు. "నేను కళ్ళు మూసుకున్నంతసేపే."