తుపాకి మూతికి అనుమతి

ఈ లోకంలో ఏ రంధ్రమూ యజమాని లేకుండా ఎక్కువకాలం ఉండదు. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక శాఖ వచ్చి దాన్ని దత్తత తీసుకుంటుంది. ఫిన్లాండ్‌లోని మా కైనూ అడవుల్లో వేట తుపాకి గొట్టం చివరి రంధ్రం మాత్రం మొన్నమొన్నటి దాకా అనాథగానే బతికింది. వాన, మంచు, రాలిన ఆకులు లోపలికి పోకుండా వేటగాళ్లు దాని మూతికి చిన్న టేపు ముక్క అంటించేవారు. పేల్చినప్పుడు గుండు కంటే ముందే గాలి ఆ ముక్కను ఎగరగొట్టేస్తుంది. గురి తప్పదు, గొట్టం చెడదు. ఒక పని ఇంత తేలిగ్గా జరిగిపోతూ ఉండడం పైవారికి ఆందోళన కలిగించింది.

అలా పుట్టింది తుపాకి మూతుల పర్యవేక్షణ విభాగం. గొట్టానికి అడ్డుపడేది ఏదైనా ప్రమాదకరమని చట్టం. టేపు ఉండేదే అడ్డంగా. అందువల్ల ప్రతి ముక్కనూ అంటించే ముందు యాప్‌లో నమోదు చేయాలి. పొడవు, రంగు, రెండు వైపుల ఫోటోలు (జిగురు వైపు ఫోటో తీసేసరికి ముక్క వేలికి చుట్టుకుపోతుంది, దానికి వేరే ఫారం ఉంది). ఎందుకు అంటిస్తున్నారన్న చోట వేట, సాధన, ప్రదర్శన అని మూడే గడులు. రెండు తప్పులకు రెండు హెచ్చరికలు. మూడో తప్పుకు సీజన్ ముగిసేదాకా తుపాకి స్వాధీనం.

మా వేట సంఘానికి పెద్ద ఇర్మెలి. నాకు పెద్దమ్మ కూతురు, అరవై మూడేళ్ల మనిషి. అప్పటికే ఆమెకు రెండు హెచ్చరికలూ అందాయి. మొదటిది నల్ల టేపును బూడిద రంగు అని రాసినందుకు. రెండోది వానకు ఊడిపోయిన ముక్క విరమణను సకాలంలో తెలియజేయనందుకు.

అక్టోబరులో ఒక మంగళవారం ఉదయం మేము వేటకు బయలుదేరే ముందు కాఫీ తాగుతుండగా పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది. చెరువు మలుపు దగ్గర కారు ఒక దుప్పిని గుద్దింది. వెనక కాళ్లు రెండూ విరిగాయి, ఇంకా ప్రాణంతో ఉంది. తాము తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్నామని, వెళ్లి దాని బాధ ముగించమని కోరారు. ఇలాంటి పిలుపులకు మా ఊళ్లో ఎప్పుడూ వెళ్లేది ఇర్మెలే.

తుపాకి లైసెన్సు లేకపోయినా తోడుగా నేనూ వెళ్లాను. దారిలో ఆమె తుపాకి మూతి వైపు చూసుకుంది.

"తౌనో, ఈ టేపు వేటకని రాయించాను. ఇది వేట కాదు కదరా?"

"ఎవరు చూస్తారక్కా?"

"పోయినసారీ నువ్వు ఇదే అన్నావు."

కారు దిగుతూ టేపు పీకేసింది.

తడిమంచు ఏటవాలుగా కొడుతోంది. దుప్పిని గుద్దిన కారు నడిపిన వేసా, సంగీతం మాస్టారు, రోడ్డు పక్కన వణుకుతూ నిలబడ్డాడు. దుప్పి దిగువన దేవదారులాంటి స్ప్రూస్ మొక్కల మధ్య పడి ఉంది. గుర్రమంత జంతువు. ముందు కాళ్ల మీద లేవబోతోంది, కూలిపోతోంది, మళ్లీ లేవబోతోంది. ఇర్మెలి కొమ్మలు తప్పించుకుంటూ దిగుతుంటే కాలు జారింది. తుపాకి మూతి నేరుగా మంచులోకి దిగబడింది.

ఆమె తుపాకి వెనక భాగం తెరిచి, గొట్టంలోంచి ఆకాశం వైపు చూసింది.

"వెలుతురు లేదురా. ముద్దగా బిగుసుకుపోయింది."

"అలాగే కాల్చేయండమ్మా, పుణ్యముంటుంది!" అన్నాడు వేసా.

"కాలిస్తే గొట్టం అరటిపువ్వులా విచ్చుకుంటుంది మాస్టారూ. దాంతోపాటు నా మొహం కూడా. తౌనో, ఇంటికెళ్లి శుభ్రం చేసే కడ్డీ పట్రా."

రానూ పోనూ పదహారు కిలోమీటర్లు, జారే రోడ్డు. నేను తిరిగొచ్చేసరికి ఇర్మెలి దుప్పికి కాస్త దూరంలో మోకాళ్ల మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతోంది. అవతల మూతుల విభాగం అధికారి ఓస్మో గొంతు బయటికే వినిపిస్తోంది.

"మేడమ్, రోడ్డు మీద గాయపడిన జంతువుకు మా దగ్గర గడి లేదండి. పోనీ ప్రదర్శన అని పెట్టండి."

"ఎవరికి ప్రదర్శన? ఈ మాస్టారికా?"

"నా మీద కోప్పడితే ఎలాగండీ? దరఖాస్తు పంపండి, మూడు పనిదినాల్లో చూస్తాం."

దుప్పి మూలిగింది.

"అదేనా అండీ?" అన్నాడు ఓస్మో నెమ్మదిగా.

"అదే. వింటూ ఉండండి."

కడ్డీతో గొట్టం శుభ్రం చేసింది. వెలుతురు చూసుకుంది. జేబులోంచి టేపు తీసి, పంటితో కొరికి, మళ్లీ మంచు దూరకుండా మూతికి అంటించింది.

"ఓస్మోగారూ, నల్ల టేపు. బొటనవేలంత. ఫోటో లేదు. రాసుకోండి."

ఒక్కటే దెబ్బ. దుప్పి తల వాల్చేసింది. వేసా అక్కడే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఇర్మెలి దగ్గరికి వెళ్లి దాని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

విచారణ పద్ధతి ప్రకారమే జరిగింది. మంచులో మూతి దిగబడినందుకు కేసు లేదు (అది ప్రకృతి). టేపు అంటించినందుకు మాత్రం తుపాకి స్వాధీనం చేసుకున్నారు. ఓస్మో చెడ్డవాడు కాదు. రసీదు ఇచ్చేటప్పుడు ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"గొట్టం మూసుకుపోయాక ఆ దుప్పి నలభై ఒక్క నిమిషాలు కొట్టుకుంది. అదెక్కడ రాశారు బాబూ?" అని అడిగింది ఇర్మెలి.

అతను ఫారాన్ని ముందూ వెనకా తిప్పి నిజాయితీగానే వెతికాడు. వెతికి, పై అధికారులకు రాస్తానని మాటిచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

విభాగం వార్షిక నివేదిక వసంతంలో వెలువడింది. టేపు వల్ల ఈ ఏడాది ఒక్క ప్రమాదమూ జరగలేదని మొదటి పేజీలో ఉంది. నలభై ఒక్క నిమిషాలు పంతొమ్మిదో పేజీలో ఉన్నాయి, 'ప్రతికూల వాతావరణం వల్ల జాప్యం' అన్న శీర్షిక కింద.